టికెట్టు వెనక శ్రీ

“శ్రీ అంటే ఎవరు?”

పొద్దున్నుంచి శ్రీకాంత్ ఈ మాట అడగడం మూడోసారి. లాటరీ టికెట్టు డైనింగ్ టేబుల్ మధ్యలో, గాజు గిన్నె కింద వెనక్కి తిప్పి పెట్టి ఉంది. సంతకం చేయవలసిన గీత మీద నల్ల పెన్నుతో తెలుగులో ఒకే ఒక్క అక్షరం. శ్రీ.

“ఎవరూ కాదని చెప్పాను కదరా,” అన్నారు రాజగోపాల్‌గారు. “కొత్త కాగితం చేతికొస్తే పైన శ్రీ చుడతాం. అలవాటు.”

“ఆ పైనే సంతకం లైన్ ఉంది నాన్నా!”

“ఉందని ఇప్పుడు తెలిసింది. అప్పుడు కళ్ళజోడు పెట్టుకోలేదు.”

రాజగోపాల్‌గారు అబద్ధం చెప్పడం లేదు. గుడివాడ చుట్టుపక్కల ఊళ్ళలో సబ్ రిజిస్ట్రార్‌గా చేసి రిటైరైన మనిషి. శ్రీ లేని దస్తావేజు ఆయన బల్ల మీదికి వచ్చేది కాదు. ఆ చేయి ఇప్పటికీ ఊరుకోదు. మందుల చీటీ కానివ్వండి, అరోరాలో ఇండియన్ స్టోర్‌కి రాసిచ్చే కూరగాయల లిస్టు కానివ్వండి, పైన శ్రీ పడాల్సిందే. లిస్టు మీద పడితే బెండకాయలు రాకుండా పోవు. టికెట్టు మీద పడింది, అదీ చిక్కు.

ఎందుకంటే ఆ ఇంట్లో శ్రీలు ఇద్దరు. ఆఫీసులో శ్రీకాంత్‌ని అందరూ ‘శ్రీ’ అంటారు. ఫార్మసీలో కోడలు శ్రీవల్లి కోటు మీద పేరుబిళ్ళ కూడా ‘శ్రీ’ అనే చెబుతుంది. పెళ్ళైన కొత్తలో స్నేహితులు వీళ్ళకి కార్డులు పంపితే ‘శ్రీ అండ్ శ్రీ’ అని రాసేవాళ్ళు. అప్పట్లో అది ముచ్చటగా ఉండేది.

శ్రీవల్లి స్టవ్ దగ్గర నిలబడి టీ మరగడం చూస్తోంది. టికెట్టుకి నాలుగున్నర లక్షల డాలర్లు తగిలాయి. నిన్న గ్యాస్ స్టేషన్‌లో మెషీన్ కింద పెట్టి చూస్తే, ఈ టికెట్టు ఇక్కడ కాదు, లాటరీ ఆఫీసులో చూపించమని తెర మీద వచ్చింది. కౌంటర్ వెనక అమ్మాయి కేక పెట్టి చప్పట్లు కొట్టింది. శ్రీవల్లికి మాత్రం ఏమీ అనిపించలేదు. ఇంటికొచ్చి పప్పులో పోపు పెట్టింది. ఏమీ అనిపించకపోవడం ఆమెకి ఈ మధ్య అలవాటైపోయింది.

టికెట్టు కథ చిన్నదే. గురువారం పొద్దున మావగారిని కంటి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళి వస్తూ కారుకి గ్యాస్ కోసం ఆగింది. లోపల రంగురంగుల బోర్డు చూసి ఆయన ఆగిపోయారు.

“లాటరీ మావయ్యగారూ. స్టేట్ గవర్నమెంట్‌ది.”

“గవర్నమెంటే నడుపుతుందా? పోలీసులు పట్టుకోరూ?”

ఆమె నవ్వి వివరంగా చెప్పింది. ఒకటి నుంచి నలభై ఐదు దాకా అంకెల్లో ఐదు ఎంచుకోవాలి. మధ్యాహ్నం ఒకసారి, సాయంత్రం ఒకసారి తీస్తారు. ఐదూ ఎవరికీ కలవకపోతే పెద్ద బహుమతి తర్వాతి ఆటకి పెరుగుతుంది. అందరికీ పంచగా మిగిలింది బడులకి వెళుతుంది. బడులనేసరికి ఆయన మెత్తబడ్డారు. వెనక నలుగురు నిలబడి ఉన్నా తొందరపడకుండా, దరఖాస్తు నింపినట్టుగా చీటీలో ఐదు గళ్ళు నింపారు. డాలరు శ్రీవల్లి ఇచ్చింది.

కారులో ఆయన టికెట్టు వెనక ఏముందో ఆమెచేత చదివించుకున్నారు. సంతకం ఎవరిదైతే టికెట్టు వాళ్ళది. సంతకం లేకపోతే ఎవరి చేతిలో ఉంటే వాళ్ళది.

“స్టాంపు లేదు, సాక్షులు లేరు. ఏం ధైర్యమమ్మా వీళ్ళది!” అని ఆశ్చర్యపోయి, జేబులోంచి పెన్ను తీసి శ్రీ చుట్టారు. “ఇంద. కొన్నది నువ్వు, సంతకం నువ్వు చెయ్యి.”

“తగిలినప్పుడు చూద్దాం లెండి,” అని ఆమె బ్యాగులో పడేసింది. ఆలూ లేదు చూలూ లేదు, అప్పుడే సంతకమేమిటనుకుంది. ఆ మధ్యాహ్నమే తగిలింది.

ఇక ఈ పొద్దుటి సంగతి. కూతురు మృదులని తెలుగు క్లాసుకి దింపడానికి బయల్దేరుతూ, పాప కార్లో కూర్చున్నాక, శ్రీకాంత్ గరాజ్‌లో శ్రీవల్లిని ఆపాడు.

“నాన్న పేరు మీద క్లెయిమ్ చేద్దాం. నువ్వు సైలెంట్‌గా ఉండు చాలు.”

“ఉంటే?”

“మృదుల కస్టడీకి నేను ఫైట్ చేయను. నీతోనే ఉంచుకో. లేదంటే నేనూ లాయర్‌ని పెడతా. నీ జీతంతో ఎన్ని రోజులు లాగుతావో చూస్తా.”

ఆమె కాసేపు నేల మీద పడి ఉన్న పాప సైకిల్‌ని చూసింది.

“సరే,” అంది.

ఆ ‘సరే’ కూడా ఎవరో అన్నట్టే వినిపించింది. ఏడాదిన్నరగా ఆ మొగుడూ పెళ్ళాలు మాట్లాడుకునేది ఫోన్‌లో క్యాలెండర్ ఇన్వైట్లతోనే. పాప పళ్ళ డాక్టర్, ఒకటో తారీకు. పేరెంట్స్ మీటింగ్, మూడు గంటలు. ఎవరు వెళ్ళేదీ ఒక నొక్కుతో తేలిపోతుంది. ఒకే కప్పు కింద ఉంటూ ఇన్వైట్లు పంపుకునేవాళ్ళని కాపురం చేస్తున్నారని అనడానికి నాకైతే నోరు రాదు. పోయిన వారం ఆమె వేరే అపార్ట్‌మెంట్ తీసుకున్న కాగితం అతని కంటబడింది. అప్పుడు కూడా ఇద్దరూ అరుచుకోలేదు. అరుచుకుని ఉంటే బాగుండేదని శ్రీవల్లికి ఆ రోజు అనిపించింది.

పెద్దవాళ్ళకి ఇదేమీ చెప్పలేదు. రెండు నెలల్లో వాళ్ళు ఇండియా వెళ్ళిపోతారు, ఆ తర్వాత చూసుకుందామన్నది ఒప్పందం.

“అమర్‌నాథ్‌ని అడుగుతాను,” అంటూ శ్రీకాంత్ ఫోన్ అందుకున్నాడు. అమర్‌నాథ్ నేపర్విల్‌లో ట్యాక్సులు చూసే స్నేహితుడు. తండ్రికి కూడా వినబడితే నమ్మకం కుదురుతుందని ఫోన్ స్పీకర్‌లో పెట్టి టేబుల్ మీద ఉంచాడు. ఆ సంగతి అమర్‌నాథ్‌కి చెప్పడం మాత్రం మరిచిపోయాడు. తెలివి ఎక్కువైనవాళ్ళు చేసే తప్పులు ఇలాగే ఉంటాయి.

“అమర్, నాన్న క్లెయిమ్ చేస్తే ట్యాక్స్ ఎంత పోతుంది?”

“విజిటర్ వీసా కదా, థర్టీ పర్సెంట్ విత్‌హోల్డ్ చేస్తారు. పాస్‌పోర్ట్ పట్టుకెళ్ళండి, ఫామ్ అక్కడే ఇస్తారు. వన్ ఇయర్ టైముంది, కంగారేం లేదు.” ఫోన్‌లో ఏదో నములుతున్న చప్పుడు. “మీ ఇద్దరిలో ఎవరు క్లెయిమ్ చేసినా పట్టుకునేది తక్కువే. కానీ థర్టీ పోతే పోయింది బాస్. నీ పేరైనా ఆవిడ పేరైనా అది మ్యారిటల్ ప్రాపర్టీ, ఇద్దరిదీ అవుతుంది. రేపు డివోర్స్‌లో జడ్జి ఎలా స్ప్లిట్ చేస్తాడో నీకు తెలీదు, నాకు తెలీదు. అంకుల్ పేరు మీదుంటే ఆవిడ లాయర్ టచ్ కూడా చేయలేడు.”

శ్రీకాంత్ ఫోన్ మీద చెయ్యేశాడు. అప్పటికే అంతా అయిపోయింది.

టీ పొంగింది. శ్రీవల్లి స్టవ్ ఆపింది.

“డైవర్సా?” అన్నారు రాజగోపాల్‌గారు. “ఎవరికి?”

టేబుల్ చివర ఆయన భార్య భానుమతిగారు గోరుచిక్కుడుకాయలు తుంచుతున్నారు. కొడుకు కాపురం కూలిపోతోందని విన్న తల్లి చేయి ఆగాలి కదా. ఆవిడ చేయి ఆగలేదు. తొడిమ ఒకవైపు, కాయ ఒకవైపు పడుతూనే ఉన్నాయి. శ్రీవల్లికి అది వింతగా తోచింది.

“మీరు వెళ్ళాక చెబుదామనుకున్నాం నాన్నా,” అన్నాడు శ్రీకాంత్.

“ఫోన్‌లో చెబుదామనుకున్నారా?”

“నాన్నా, ప్లీజ్.”

ఆయన కోడలి వైపు తిరిగారు. “నిజమేనా అమ్మా?”

“అవును మావయ్యగారూ.”

“ఇల్లు చూసుకున్నావా?”

“నేపర్విల్‌లో. టూ బెడ్‌రూమ్. మీరు వెళ్ళాక వచ్చే ఫస్ట్ నుంచి.”

“వాడు నిన్ను కొట్టాడా?”

“లేదు.”

“తిట్టాడా?”

“లేదు మావయ్యగారూ. ఏమీ అనలేదు. అసలేమీ అనడు.”

ఆయనకి అది అర్థమైందో లేదో తెలియదు. కళ్ళజోడు తీసి పంచె చెంగుతో తుడుచుకున్నారు. తుడిచిన అద్దాలనే మళ్ళీ తుడిచారు.

“మరి పిల్ల?” అని అడిగారు.

దానికి శ్రీవల్లి టీ కప్పులు సర్దింది. శ్రీకాంత్ కిటికీలోంచి చూశాడు.

“నాన్నా, ఇప్పుడవన్నీ వద్దు,” అన్నాడు చివరికి. కుర్చీ లాక్కుని తండ్రి ఎదురుగా కూర్చున్నాడు. గాజు గిన్నె పక్కకి జరిపి టికెట్టు ఆయన ముందుకి తోశాడు. పైన పెన్ను పెట్టాడు. “నంబర్లు పెట్టింది మీరు. శ్రీ రాసింది మీరు. దాని పక్కన మీ పేరు రాసేయండి. శ్రీ రాజగోపాల్. శ్రీ అంటే మిస్టర్ అని చెబుదాం. అబద్ధం కూడా కాదు.”

“ఎవడైనా తన పేరుకి తనే శ్రీ తగిలించుకుంటాడట్రా?”

“వాళ్ళకేం తెలుస్తుంది?”

“నాకు తెలుస్తుంది కదా. సంతకంలో శ్రీ పెట్టుకున్నవాణ్ణి నా సర్వీసులో ఒక్కణ్ణే చూశాను. వాడు ఫోర్జరీ కేసులో పోయాడు.”

ఇంకో రోజైతే అందరూ నవ్వేవారు.

“డాలరు అమ్మాయిదిరా,” అన్నారాయన నెమ్మదిగా.

“డాలరు! సరే, నేను పది డాలర్లిస్తా తనకి. ఈ వయసులో మీకు అదృష్టం పట్టింది, అలా అనుకోండి. అమ్మ మోకాళ్ళ ఆపరేషన్ ఉంది. మిమ్మల్ని చూసుకోవాల్సింది నేను. ఇంట్లోంచి వెళ్ళిపోయే మనిషికి ఎందుకివ్వాలి? నాకు ఒక్క మాట చెప్పకుండా లీజ్ సైన్ చేసింది నాన్నా. ఒక్క మాట.” ఆ చివరి మాట దగ్గర అతని గొంతు జీరబోయింది. శ్రీవల్లి తలెత్తి చూసింది. ఆ గొంతు విని ఎన్నాళ్ళైందో. జాలి పడవలసిన చోటని ఆమెకి తెలుస్తోంది, జాలి మాత్రం రావడం లేదు.

“తనకి అబ్జెక్షన్ లేదు,” అన్నాడు సర్దుకుని. “కావాలంటే అడగండి.”

రాజగోపాల్‌గారు పెన్ను చేతిలోకి తీసుకున్నారు. మూత తీశారు. కానీ కాగితం వైపు చూడలేదు.

“అమ్మా శ్రీవల్లీ. ఇలా వచ్చి కూర్చో.”

ఆమె వచ్చి కూర్చుంది. ఆయన నడుం నిటారుగా చేసుకున్నారు. కొడుకూ కోడలూ ఎప్పుడూ వినని గొంతుతో, ఆఫీసు గొంతుతో అడిగారు.

“నీ హక్కు ఇష్టపూర్వకంగానే వదులుకుంటున్నావా? ఎవరి బలవంతమూ లేదు కదా?”

“ఇష్టమే మావయ్యగారూ. రాయండి.”

ఆయన అలాగే ఆమె మొహంలోకి చూస్తూ ఉండిపోయారు.

ఆ గొంతు ఆయనకి బాగా తెలుసు. హక్కు విడుదల దస్తావేజులని ఉంటాయి. పుట్టింటి ఆస్తిలో తన వాటా అన్నదమ్ములకి వదిలేస్తున్నానని ఆడపడుచు సంతకం చేసే కాగితాలు. అన్నో తమ్ముడో పక్కనే నిలబడి ఉంటాడు. వేలికి సిరా పూయించుకుంటూ ఆవిడ నేల చూస్తూ ఉంటుంది. ఆయన అడుగుతారు. ఆవిడ ‘ఇష్టమేనండి’ అంటుంది. ముద్ర పడుతుంది. అలా ఎంతమందో ఆయన లెక్క పెట్టుకోలేదు. ఒక్కరు కూడా కాదనలేదన్నది మాత్రం గుర్తుంది.

“నేనొకటి చేయాల్సింది, ఎప్పుడూ చేయలేదు,” అన్నారు ఆయన, ఎవరితోనో తెలియకుండా. “అనుమానమొస్తే మిగతావాళ్ళని బయటికి పంపి ఆడమనిషిని విడిగా అడగొచ్చు. నాకు రోజూ అనుమానమొచ్చేది. ఒక్కనాడూ పంపలేదు. బయట జనం ఉన్నారు, పొద్దుపోతోంది, ఇదే వంక.”

పెన్ను కింద పెట్టారు.

“శ్రీకాంత్, నువ్వు బయటికి వెళ్ళు.”

“ఏంటి నాన్నా ఇది? ఇది నా ఇల్లు.”

“తెలుసు. వెళ్ళు.”

శ్రీకాంత్ తల్లి వైపు చూశాడు, ఆవిడైనా ఏదో ఒకటి అంటుందని. ఆవిడ గోరుచిక్కుడు బుట్టలోకి చూస్తోంది. అతను విసురుగా లేచి, అద్దాల తలుపు జరిపి ఇంటి వెనక చెక్క డెక్ మీదికి వెళ్ళాడు. తలుపు మూసుకుంది.

“ఇప్పుడు చెప్పమ్మా,” అన్నారు రాజగోపాల్‌గారు.

“మీరూ వెళ్ళండి.”

అన్నది శ్రీవల్లి కాదు, భానుమతిగారు. చేతిలో కాయ బుట్టలో వేసేశారు.

“నేనా?”

“మీరే. గుడివాడ ఆఫీసులో నేను సంతకం పెట్టిన రోజు మా అన్నయ్య ఒక పక్కన నిలబడ్డాడు. రెండో పక్కన మీరు నిలబడ్డారు.”

ఆ రోజు బల్ల వెనక కూర్చున్నది రాజగోపాల్‌గారి స్నేహితుడే. ఇష్టమేనా అని నవ్వుతూ అడిగాడు. ఇష్టమేనని భానుమతి అంది. తర్వాత ముగ్గురూ కలిసి కాఫీ తాగారు. అంతవరకే ఆయనకి గుర్తుంది. అందులో చెప్పుకోవలసింది ఏదో ఉందని ఇన్నేళ్ళలో ఆయనకి తట్టలేదు, ఆవిడ ఒక్కసారీ అనలేదు. ఆయన మెల్లగా లేచి చెప్పులు వెతుక్కుని డెక్ మీదికి వెళ్ళారు. తండ్రీ కొడుకులు అక్కడ ఒకరికొకరు దూరంగా నిలబడ్డారు.

భానుమతిగారు జరిగి కోడలి పక్క కుర్చీలోకి వచ్చారు.

“పొద్దున డ్రయర్‌లోంచి బట్టలు తీస్తున్నాను,” అన్నారు. “గరాజ్ తలుపు వారగా ఉంది.”

శ్రీవల్లి ఉలిక్కిపడలేదు. “విన్నారా?”

“పిల్లని బేరం పెట్టాడు. నా కొడుకు.” ఆవిడ ఆ రెండు మాటలు మళ్ళీ అనుకున్నట్టు ఆగారు. “నీకేం కావాలే?”

“నాకు మృదుల చాలు అత్తయ్యా. డబ్బు వద్దు.”

“అది వాడు నీకు నేర్పిన మాట. నీకేం కావాలి?”

శ్రీవల్లి వెతుక్కుంది. కావడం అనేది తన లోపల ఎక్కడో పెట్టి మరిచిపోయిన వస్తువు. పాపకి ఏం కావాలో తెలుసు. ఫార్మసీలో వచ్చినవాళ్ళకి ఏం కావాలో తెలుసు. తనని ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు, అందుకే జవాబు సిద్ధంగా లేదు. ఫ్రిజ్‌లో ఐసు ముక్కలు పడిన చప్పుడైంది. అత్తగారు తొందరపెట్టలేదు.

“రెండూ,” అంది శ్రీవల్లి. “రెండూ కావాలి అత్తయ్యా. పాపా కావాలి. ఇదీ కావాలి. కొన్నది నేను.”

ఆ మాట అన్నాక గుండె దడదడలాడింది. ఎన్నో నెలల తర్వాత ఏదో ఒకటి తెలుస్తోంది, అది భయమైనా సరే.

భానుమతిగారు టికెట్టు కోడలి ముందుకి జరిపారు. పెన్ను చేతిలో పెట్టారు.

“శ్రీ ఆయన రాశారు. ఇంకా రెండక్షరాలు. నువ్వు రాయి.”

“రాస్తే ఆయన ఊరుకోరు. పాప కోసం కోర్టుకెళతారు.”

“వెళ్ళనీ. గరాజ్‌లో విన్నది కోర్టులో నేను చెబుతాను.”

శ్రీవల్లి ఆవిడ మొహంలోకి చూసింది. “మీ అబ్బాయికి వ్యతిరేకంగానా?”

భానుమతిగారి కళ్ళు అద్దాల తలుపు వైపు వెళ్ళాయి. అవతల కొడుకు రెయిలింగ్ పట్టుకుని, తల వంచుకుని నిలబడి ఉన్నాడు. చిన్నప్పుడు మార్కులు తక్కువొచ్చినా వాడు అలాగే నిలబడేవాడు.

“రాయవే,” అన్నారావిడ. “నా మనసు మారకముందే రాయి.”

శ్రీవల్లి టికెట్టు మీదికి వంగింది. శ్రీ పక్కన ‘వ’ రాసింది.

అద్దాల తలుపు జరిగింది.

“శ్రీ, ఏం రాస్తున్నావ్?” అన్నాడు శ్రీకాంత్ లోపలికొస్తూ.

భానుమతిగారు లేచి, కొడుక్కి అడ్డంగా నిలబడ్డారు. శ్రీవల్లికి ఇంకా ఒక అక్షరం మిగిలి ఉంది.